రంగు వేసిన విమానపు గుడ్డ మీద మొండికేసిన టేపు బంక

ప్రశ్న: మాది గుంటూరు జిల్లా. పన్నెండేళ్లుగా అమెరికాలోని టెక్సస్‌లో ఉద్యోగం చేస్తున్నాను. నిరుడు ఇద్దరు మిత్రులతో కలిసి 1946 నాటి ఎరోంకా చాంప్ విమానాన్ని కొన్నాను. అమ్మినవారు రెక్కలు విప్పి, ప్లాస్టిక్ పరదాలు చుట్టి, ఆ పరదాలను మాస్కింగ్ టేపుతోనూ వెండిరంగు డక్ట్ టేపుతోనూ నేరుగా విమానానికి తొడిగిన గుడ్డ మీదే అంటించి ట్రైలర్‌పై పంపించారు. హ్యాంగరులో చోటు దొరకక నాలుగు నెలలు అవి ఎండలోనే ఉన్నాయి. ఇప్పుడు టేపు ఊడుతోంది గానీ గోధుమరంగు బంక గుడ్డనే పట్టుకొని ఉంది. రెక్కలకు 1998లో పాలీఫైబర్ పద్ధతిలో కొత్త గుడ్డ తొడిగి పాలీటోన్ రంగు వేసినట్టు లాగ్‌బుక్కులో ఉంది. ఫ్యూజిలాజ్‌కు (విమానపు మొండేనికి), రడ్డర్‌కు (తోక మీద నిలువుగా ఉండే కదిలే పలకకు) ఆ తరువాత మళ్లీ రంగు వేశారట గానీ ఏ రంగో రాయలేదు. ఒకరు అసిటోన్ వాడమన్నారు, ఇంకొకరు హీట్ గన్ పట్టమన్నారు, మూడోవారు కార్లపై స్టిక్కర్లు తీసే రబ్బరు చక్రాన్ని డ్రిల్లుకు తగిలించి రుద్దమన్నారు. వీటిలో ఏది మంచిది?

సమాధానం: మూడూ వద్దు. మీకు సలహా ఇచ్చినవారు ముగ్గురూ లోహపు రెక్కల విమానాలతోనో, కార్లతోనో పని చేసినవారై ఉంటారు. ఆ పనిలో వారి మాట సబబే కావచ్చు. మీ రెక్కల మీద ఉన్నది మాత్రం కర్ర స్పార్ల (రెక్క పొడవునా ఉండే దూలాల) మీద, అల్యూమినియం రిబ్బుల (వాటికి అడ్డంగా ఉండే పక్కటెముకల) మీద డోలు చర్మంలా బిగించిన పాలియెస్టర్ గుడ్డ. దాని బలం గుడ్డలో ఉంది, దాని ఆయుష్షు పూతలో ఉంది. బంకను వదిలించడం కష్టమైన పనేమీ కాదు. బంకతో పాటు పూత ఊడి రాకుండా చూసుకోవడమే కష్టం. కాబట్టి మనం వెతకవలసింది బంకను అన్నిటికన్నా వేగంగా కరిగించే ద్రావకాన్ని కాదు, బంకను కరిగించి రంగును ముట్టుకోని ద్రావకాన్ని. రెక్కల విషయంలో అది ఏమిటో నేను ఇప్పుడే చెప్పగలను. ఫ్యూజిలాజ్ విషయంలో మీరు ముందు ఒక చిన్న పరీక్ష చేయాలి.

ముందు రెక్కల పూతలో ఏమేమి ఉన్నాయో తెలుసుకోండి. పాలీఫైబర్ పద్ధతిలో గుడ్డకు మొదట పాలీబ్రష్ అనే పూత వేస్తారు. చాలాచోట్ల అది లేత గులాబీ రంగులో ఉంటుంది. దాని మీద అల్యూమినియం పొడి కలిపిన వెండిరంగు పాలీస్ప్రే వస్తుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలు పాలియెస్టర్ దారాలను పాడు చేయకుండా అడ్డుకునేది ఈ వెండి పొరే. ఆ పైన, కంటికి కనిపించే రంగుగా, పాలీటోన్ ఉంటుంది. ఈ మూడూ వినైల్ జాతి పూతలు. ఆరితే గట్టిపడతాయి గానీ, రెండు డబ్బాలు కలిపి వేసే పాలీయురెథేన్ రంగుల్లా రసాయనికంగా బిగుసుకుపోవు. ఏ థిన్నర్‌లో కరిగించి వేశారో ఆ జాతి థిన్నర్ మళ్లీ తగిలితే, ఇరవై ఐదేళ్ల తరువాతైనా సరే, తిరిగి కరుగుతాయి. మరమ్మతుకు ఇది గొప్ప సౌకర్యం, ఎందుకంటే కొత్త పూత పాత పూతలో కలిసిపోతుంది. శుభ్రం చేసేటప్పుడు మాత్రం ఇదే గుణం ప్రమాదం. అసిటోన్, ఎం.ఇ.కె. (మిథైల్ ఇథైల్ కీటోన్ అనే ద్రావకం), లాకర్ థిన్నర్ మూడూ పాలీటోన్‌ను కరిగిస్తాయి. వీటిలో ఏది ముంచిన గుడ్డతో తుడిచినా మొదట బంక కదులుతున్నట్టే ఉంటుంది, ఆ తరువాత మీ రంగు, ఆపైన వెండి వరుసగా గుడ్డకు అంటుకొని వచ్చేస్తాయి. పాత పద్ధతిలో బ్యూటిరేట్ డోప్ అనే సెల్యులోజ్ పూత వేసిన విమానాలకూ ఇదే హెచ్చరిక వర్తిస్తుంది.

ఇది నాకు పుస్తకంలో చదివి తెలిసిన సంగతి కాదు. హైదరాబాదులో ఒక ఫ్లయింగ్ క్లబ్బు హ్యాంగరులో పని నేర్చుకుంటున్న రోజుల్లో, పుష్పక్ విమానం ఒకదాని మీద పాత స్టిక్కరు తాలూకు బంకను తుడవమని నాకు పురమాయించారు. బెంగళూరు హెచ్.ఎ.ఎల్.లో తయారై 1958లో తొలిసారి ఎగిరిన పుష్పక్‌కు మూలం ఎరోంకా చీఫ్. ఆ చీఫ్‌కూ మీ చాంప్‌కూ చాలా భాగాలు ఉమ్మడి. ఆ లెక్కన మన పుష్పక్ మీ విమానానికి దాయాదే. నేను పక్కనే ఉన్న థిన్నర్ డబ్బా తీసి తుడిచాను. అరచేయంత మేర పసుపు రంగు లేచి, కింద వెండి, వెండి కింద నేత కనిపించేదాకా నా చెయ్యి ఆగలేదు. ఫోర్‌మన్ గారు కేకలు వేయలేదు. మరుసటి మూడు రోజులు ఆ అరచేయంత జాగాను మళ్లీ పొరలు పొరలుగా నిలబెట్టే పని నాకే అప్పగించారు. పెయింట్ డబ్బా పక్కన ఉన్నదంతా శుభ్రం చేయడానికి కాదని అప్పటి నుంచి గుర్తుంది.

ఇక రెక్కలకు వాడవలసింది నాఫ్తా అనే పెట్రోలియం ద్రావకం. కారణం చెబితే మీకు నమ్మకం కుదురుతుంది, రేపు ఇంకెవరైనా కొత్త సీసా చేతిలో పెట్టినప్పుడు మీరే తూచుకోగలుగుతారు. మాస్కింగ్ టేపులోనూ, డక్ట్ టేపులోనూ సాధారణంగా ఉండేది సహజ రబ్బరు ఆధారంగా చేసిన బంక. రబ్బరు అచ్చంగా హైడ్రోకార్బన్. తన జాతి నూనెల్లో అది ఉబ్బి మెత్తబడుతుంది. నాఫ్తా కూడా అచ్చంగా హైడ్రోకార్బనే. వినైల్ పూతలకూ, సెల్యులోజ్ డోప్‌లకూ ఈ చుట్టరికం లేదు. అవి కరగాలంటే అసిటోన్, ఎం.ఇ.కె. వంటి కీటోన్లు గానీ, ఎస్టర్లు గానీ కావాలి. ఈ సందులోనే మన పని జరగాలి. అమెరికాలో పెయింట్లు అమ్మే దుకాణాల్లో వీ.ఎం. అండ్ పీ. నాఫ్తా అనే పేరుతో డబ్బాల్లో దొరుకుతుంది, అది తెచ్చుకోండి. మినరల్ స్పిరిట్స్ కూడా పని చేస్తుంది గానీ నెమ్మదిగా ఆరుతుంది, కొంచెం జిడ్డు వదులుతుంది. ఈ జవాబు చదివే మన దేశపు పాఠకులకు ఒక మాట: ఇక్కడ పెయింట్ షాపుల్లో దొరికే మినరల్ టర్పెంటైన్‌లో జైలీన్ వంటి ఆరోమాటిక్ జాతి ద్రావకాలు కూడా కొంత ఉంటాయి కనుక, పరీక్ష చేయకుండా దాన్ని నాఫ్తాకు మారుగా అనుకోవద్దు.

హ్యాంగర్లలో ఇంకో అలవాటు ఉంది. ట్యాంకు అడుగున డ్రెయిన్ చేసిన ఏవ్‌గ్యాస్‌ను (విమానపు పెట్రోలును) చిన్న కప్పులో పట్టి, దానితోనే అన్నీ తుడిచేస్తుంటారు. నూరు ఆక్టేన్ ఏవ్‌గ్యాస్‌లో సీసం ఉంటుంది, నీలం రంగు కలిపి ఉంటుంది, టోలుయీన్ వంటి ఆరోమాటిక్కులూ ఉంటాయి. చేతికీ మంచిది కాదు, లేత రంగు పూతకూ మంచిది కాదు. కారు పెట్రోలు అంతకన్నా వద్దు. కార్ల దుకాణాల్లో బంక తీయడానికని అమ్మే కొన్ని ద్రావకాల్లో జైలీన్ ఉంటుంది, అది వినైల్‌ను మెత్తబరుస్తుంది. సీసా వెనుక చిన్న అక్షరాలు చదవకుండా ఏదీ వాడవద్దు. నారింజ తొక్కల నూనెతో చేసినవీ, డబ్ల్యూడీ-40 వంటివీ బంకను మెత్తబరుస్తాయి, కాదనను. ఆ తరువాత అవి వదిలే నూనె పొర మీద మళ్లీ రంగు వేయవలసి వస్తే రంగు పట్టదు, చేపకళ్లలా గుంటలు పడుతుంది. మన ఇళ్లలో స్టీలు గిన్నెల మీద స్టిక్కరు బంకకు కొబ్బరినూనె రాస్తాం కదా, అదీ ఇక్కడ పనికిరాదు. గిన్నెకు వెనుక వైపు లోపలికి దారి లేదు. రెక్కకు అడుగున నీరు పోయే రంధ్రాలూ, గుడ్డ పట్టీల అంచులూ, కుట్లూ ఉంటాయి. నూనె వాటి గుండా పాకి లోపలికి పోతుంది. మీ చాంప్ స్పార్లు కర్రవి. నూనె పీల్చిన కర్రకు ఎప్పుడైనా జిగురు పెట్టి మరమ్మతు చేయవలసి వస్తే ఆ జిగురు పట్టదు.

పని మొదలుపెట్టే ముందు రెక్క మీద కూడా ఒక్కసారి పరీక్షించండి. లాగ్‌బుక్కు 1998 సంగతి చెబుతోంది గానీ, తరువాత ఎవరైనా ఒక మూల మరేదో రంగు కొట్టి ఉండవచ్చు. రెక్క మొదట్లో ఫెయిరింగ్ (సందును మూసే తొడుగు) కప్పే జాగా గానీ, తనిఖీ రంధ్రపు మూత అంచు కింద గానీ ఎంచుకోండి. తెల్లని నూలు గుడ్డను నాఫ్తాతో తడిపి ఒక నిమిషం అదిమి పట్టి తీయండి. గుడ్డకు రంగు అంటిందా, పూత మెరుపు మారిందా చూడండి. పది నిమిషాలు ఆరనిచ్చి గోటితో మెల్లగా నొక్కి చూడండి. గోరు దిగితే అక్కడ నాఫ్తా పనికిరాదు. దిగకపోతే ముందుకు సాగవచ్చు.

మాస్కింగ్ టేపు ఉన్నచోట్ల మొదట మిగిలిన కాగితాన్ని తీయండి. హెయిర్ డ్రయ్యర్‌తో చేయి పెట్టగలిగినంత వెచ్చదనం మాత్రమే ఇచ్చి, టేపును పైకి ఎత్తి లాగకుండా, తన మీదికే వెనక్కి మడిచి, ఉపరితలానికి దాదాపు సమాంతరంగా, నిదానంగా లాగండి. పైకి లాగితే ఆ బలమంతా పూతను గుడ్డ నుంచి విడదీసే దిశలో పడుతుంది. కాగితం ముక్కలై వస్తుంటే కంగారు పడకండి. తరువాత నాఫ్తాకు అవి కూడా లొంగుతాయి. కాగితం పోయాక ఒక మెత్తని నూలు గుడ్డను తడిపి, పిండి, కారకుండా ఉన్న స్థితిలో బంక మీద పరచండి. దాని మీద పల్చని పాలిథీన్ ముక్క వేస్తే నాఫ్తా వెంటనే ఆవిరి కాదు. అయిదు నిమిషాలు చాలు. తీసి చూస్తే గోధుమరంగు బంక ఉబ్బి, పాలమీగడలా ముడతలు పడి ఉంటుంది. అప్పుడు రుద్దవద్దు. వేలి కొనతో ఒక అంచు నుంచి మెల్లగా దొర్లించండి, లేదా కొత్త మాస్కింగ్ టేపు ముక్కను చేతికి చుట్టుకొని దాని జిగురు వైపుతో ఆ బంకను అద్ది అద్ది లేపండి. బంకకు బంకే మంచి చెలిమి. చాలా భాగం కొత్త టేపుతో పాటే వచ్చేస్తుంది. మిగిలిన పల్చని పొరను ప్రతిసారీ శుభ్రమైన గుడ్డ మడతతో, ఒకే దిశలో తుడవండి. మురికి మడతతో తుడిస్తే కరిగిన రబ్బరును అక్కడి నుంచి ఇక్కడికి పూయడమే అవుతుంది. జానెడు జాగా పూర్తి చేశాకే మరో జానెడుకు వెళ్లండి. ఒక రెక్కకు ఒక ఆదివారం పట్టినా పట్టనివ్వండి.

డక్ట్ టేపు కథ వేరు. దానిలో మూడు పొరలు ఉంటాయి: పైన పాలిథీన్, నడుమ వలలాంటి నూలు, అడుగున దట్టంగా పూసిన రబ్బరు. టెక్సస్ ఎండలో నాలుగు నెలలకు పై పొర పెళుసెక్కి పొరలుగా ఊడిపోయి ఉంటుంది, వల మాత్రం బంకలో కూరుకుపోయి మిగిలి ఉంటుంది. చాలామంది ఆ వలను ముందు పీకాలని చూస్తారు. అది మీకు ఉపయోగపడే వస్తువు, ఉండనివ్వండి. పై పాలిథీన్‌ను మాత్రం తీసేసి వల మీద తడిగుడ్డ వేస్తే, వల ఆ నాఫ్తాను పీల్చి బంక అడుగుదాకా చేరవేస్తుంది. పదేసి నిమిషాల చొప్పున రెండు మూడు సార్లు వేశాక, వలను ఒక మూల పట్టుకొని వెనక్కి మడిచి లాగితే దట్టమైన బంకను కూడా వెంట తీసుకొని వస్తుంది. వల ముందే ఊడిపోయినచోట నూలు గుడ్డ పల్చని ముక్కను పరిచి అదే పని చేయించవచ్చు. నాఫ్తాకు ఏమాత్రం ఉబ్బకుండా పారదర్శకంగా, గట్టిగా మిగిలే బంక ఎక్కడైనా కనిపిస్తే అది అక్రిలిక్ జాతిది కావచ్చు. ప్యాకింగ్ టేపుల్లో అటువంటిది ఉంటుంది. దానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పనిచేస్తుంది గానీ, అది డోప్ జాతి పూతలను కొంత మెత్తబరచగలదు. అందువల్ల తడిగుడ్డ పరచి ఉంచడం అక్కడ పనికిరాదు; అద్దాలి, తీయాలి, చూడాలి.

హీట్ గన్ ఎందుకు వద్దన్నానో అంకెల్లో చెబుతాను. పాలియెస్టర్ గుడ్డను తొడిగేటప్పుడు ఇస్త్రీపెట్టెతో వేడిచేసి బిగిస్తారు: మొదట 121 డిగ్రీల సెల్సియస్, తరువాత 149, చివరికి 177. ఆ 177 దాటితే గుడ్డ బిగువు పోయి వదులవుతుంది, మళ్లీ బిగుసుకోదు. 250 డిగ్రీలు దాటాక దారమే కరిగిపోతుంది. హీట్ గన్ మూతి దగ్గర గాలి 300 నుంచి 600 డిగ్రీల దాకా ఉంటుంది. చెయ్యి ఒక్క క్షణం ఆగితే చాలు, బంక కోసం పోయి గుడ్డనే పోగొట్టుకుంటారు. ఎలుకల మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకోవడమంటే ఇదే. అంతకన్నా చాలా తక్కువ వేడికే వినైల్ మెత్తబడి, టేపుతో పాటు ఊడి వస్తుంది. హెయిర్ డ్రయ్యర్ చాలు. అది కూడా నాఫ్తా ముట్టుకోక ముందే. ఆ డబ్బా మూత తీసిన తరువాత డ్రయ్యర్‌ను హ్యాంగరులోనే ఉంచకండి.

రబ్బరు చక్రం లోహం మీద అద్భుతంగా పని చేస్తుంది, ఎందుకంటే లోహం వేడిని లాక్కుపోతుంది, వెనక్కి ఒంగదు. గుడ్డ ఈ రెండూ చేయదు. పైగా రిబ్బుల వెంట కుట్టిన దారపు ముడులు, వాటి మీద అతికించిన గుడ్డ పట్టీ కింద చిన్న చిన్న గుబ్బలుగా పైకి ఉబ్బి ఉంటాయి. చక్రం మొదట అరగదీసేది వాటి తలల మీది పూతనే. క్రెడిట్ కార్డు అంచు, ప్లాస్టిక్ పార వంటివి రెక్క ముందు అంచు మీద, అంటే లోపల గట్టి రేకు ఆనుకొని ఉన్నచోట, పడుకోబెట్టి వాడితే ఫరవాలేదు. రిబ్బుల మధ్య ఖాళీలో వద్దు. అక్కడ గట్టిగా వేలితో పొడిచినా చాలు, పాత డోప్ పూతల మీద ఆ చోటు చుట్టూ వలయాలుగా పగుళ్లు వస్తాయి. మెకానిక్కులు ఇంగ్లీషులో దాన్ని రింగ్‌వర్మ్ అంటారు, అచ్చంగా మన తామర మచ్చే. పూతలో పడ్డ ఈ తామర తగ్గేది కాదు, పూత విప్పి మళ్లీ వేయవలసిందే. మంచు ముక్క పెట్టి బంకను పెళుసు చేసి గీకే చిట్కాను కూడా ఈ కారణంగానే వద్దంటాను: బంక పెళుసైన చలికి పూత కూడా పెళుసే.

నిప్పు సంగతి మరచిపోకూడదు. నాఫ్తా ఆవిరి గాలి కన్నా బరువైనది, నేల వెంట పాకి దూరంగా ఉన్న మోటారు నిప్పురవ్వను కూడా చేరగలదు. పాలియెస్టర్ మీద పొడి గుడ్డతో రుద్దితే స్థిరవిద్యుత్తు పుడుతుంది. తలుపులు తెరిచి, నూలు బట్టలు కట్టుకొని, నూలు గుడ్డలతోనే తుడవండి, తడి లేకుండా రుద్దకండి, రెక్క లోహపు బిగింపులను ఒక తీగతో భూమికి కలపండి. ద్రావకాన్ని రెక్క మీద ఎన్నడూ ఒంపవద్దు. తుడిచే గుడ్డ మీదనే తీసుకోండి. ఒంపితే అది అడుగు రంధ్రాల గుండా లోపలికి చేరి, గాలి ఆడని చోట ఆవిరిగా నిలుస్తుంది. నాఫ్తాకు నైట్రైల్ చేతి తొడుగులు సరిపోతాయి. ఫ్యూజిలాజ్ పరీక్షలో ఎం.ఇ.కె. చుక్క వాడేటప్పుడు మాత్రం అవి ఎంతోసేపు ఆగవు, చుక్క పడితే వెంటనే మార్చండి. తడిసిన గుడ్డలను కుప్పగా వేయక, ఆరుబయట విడివిడిగా ఆరవేయండి. రెక్కలు బిగించిన తరువాత విండ్‌షీల్డ్ దగ్గర పని చేయవలసి వస్తే దాన్ని ముందే పూర్తిగా కప్పండి, అసిటోన్, ఎం.ఇ.కె. వంటివి తగిలితే ఆ ప్లాస్టిక్ మీద సాలెగూడులా సన్నని బీటలు వస్తాయి.

బంక పోయిందని మీరనుకున్న తరువాత గోరువెచ్చని నీటిలో కొద్దిగా మెత్తని సబ్బు కలిపి కడిగి, ఆరనిచ్చి, టాల్కం పౌడరును పల్చగా చల్లి ఊదండి. పౌడరు నిలిచినచోట బంక ఇంకా ఉంది. ఎక్కడా నిలవకపోయినా టేపు ఆకారం కనిపిస్తూనే ఉంటే అది బంక కాదు, రంగు తేడా. టేపు కింద ఉన్న రంగు నాలుగు నెలల ఎండను తప్పించుకుంది, పక్కనున్నది తప్పించుకోలేదు. దాన్ని ఏ ద్రావకమూ తుడవలేదు. ఇది తెలియక నీడను తుడవబోయి పూతను పోగొట్టుకున్నవారిని నేను చూశాను. ఒక వేసవి గడిస్తే ఆ తేడా చాలావరకు సర్దుకుంటుంది. అప్పటికీ కంటికి ఇబ్బందిగా ఉంటే ఆ భాగానికి పల్చగా పాలీటోన్ చల్లించవచ్చు.

పని చేసేటప్పుడు చేతి గుడ్డ మీద ఏ రంగు కనిపిస్తోందో కనిపెడుతూ ఉండండి. గోధుమరంగు బంకది. మీ రెక్క రంగు లేతగా కనిపిస్తే ఆపి, తడిగుడ్డ ఉంచే సేపు తగ్గించండి. వెండి కనిపిస్తే ఆ రోజుకు పని మానేయండి. గులాబీ రంగో, నేతో కనిపిస్తే ఎండ రక్షణ పోయినట్టే, దాన్ని అలా వదిలి ఎగరడం తగదు. అనుమానం ఉన్నచోట రాత్రి పూట తనిఖీ రంధ్రం గుండా వేడెక్కని ఎల్.ఈ.డీ. దీపం లోపల పెట్టి బయటి నుంచి చూడండి. వెండి పొర నిండుగా ఉన్నచోట వెలుతురు రాదు. నాఫ్తా పూర్తిగా ఆరిపోయిన తరువాతే, మరుసటి రోజు, ఈ పరీక్ష చేయాలి.

మరమ్మతు ఎవరు చేయాలన్నది మీరు అడగకపోయినా చెబుతున్నాను. అమెరికా విమానయాన నిబంధనల 43వ భాగంలోని ‘ఎ’ అనుబంధం ప్రకారం, పైలట్ సర్టిఫికెట్ ఉన్న యజమాని తన విమానానికి అలంకరణ పూతను తిరిగి వేసుకోవచ్చు, రిబ్బు కుట్లతో పని లేని చిన్న గుడ్డ అతుకులు కూడా వేసుకోవచ్చు. ఏం చేశారో లాగ్‌బుక్కులో రాసి సంతకం చేయాలి. బరువు సరితూచి బ్యాలన్స్ చేసిన కంట్రోలు భాగాలకు (విమానాన్ని తిప్పే కదిలే పలకలకు) ఈ వెసులుబాటు లేదు, ఎందుకంటే వెనుక అంచున చేరే కొద్దిపాటి రంగు బరువు కూడా గాలిలో అదురుకు దారి తీయవచ్చు. ఆ జాగ్రత్త కోసం కంట్రోలు పలకలైన ఎయిలెరాన్లు, ఎలివేటర్, రడ్డర్ మీద తుడవడం వరకే మీరు చేసి, రంగు వేయవలసిన అవసరం పడితే మీ మెకానిక్‌ను పిలవండి. వెండి పొర దాకా పోయిన ఏ జాగాకైనా ఇదే నా సలహా.

ఇక ఫ్యూజిలాజ్, రడ్డర్. అక్కడి రంగు మీకు తెలియదు కనుక, సీటు కింద గానీ, తోక దగ్గర మూత కింద గానీ చిటికెన వేలి గోరంత జాగాలో మొదట పైన చెప్పిన నాఫ్తా పరీక్ష చేయండి. ఆ తరువాత పక్కనే దూది పుల్లతో ఒకే ఒక చుక్క ఎం.ఇ.కె. అంటించి అయిదు సెకన్లలో తుడవండి. రంగు వెంటనే దూదికి వచ్చేస్తే అది వినైల్ గానీ డోప్ గానీ, రెక్కల పద్ధతే అక్కడా పాటించండి. ఏమీ రాకుండా మెరుపు కూడా చెక్కుచెదరకపోతే అది పాలీయురెథేన్ కావచ్చు. మీ పని తేలికవుతుంది, నాఫ్తాతో ధైర్యంగా తుడవవచ్చు. రంగు రాకుండా ముడతలు పడి లేస్తే అది మామూలు ఎనామెల్, వినైల్ మీద ఎవరో తొందరపడి వేసిన పొర. అటువంటి పొర కింది దానిని గట్టిగా పట్టుకొని ఉండదు, టేపును లాగితేనే పెచ్చులుగా లేచిపోతుంది. అందుచేత పరీక్ష అయ్యేదాకా రడ్డర్ మీద మిగిలిన టేపును కదిలించకండి. నీడలోకి మాత్రం ఈ రోజే చేర్చండి, ఎండలో గడిచే ప్రతి వారమూ ఆ బంకను ఇంకా బిగిస్తుంది. మూడింటిలో ఏది జరిగిందో రాయండి. ముడతలే పడితే టేపును నీటితోనూ నాఫ్తాతోనూ విడతలుగా నానబెట్టి తీసే పద్ధతి ఒకటుంది, దాన్ని వచ్చే ఉత్తరంలో వివరిస్తాను.